చందా డబ్బాలో అయిదవ వంతు

ప్రతి సంవత్సరం రంజాన్ మాసం రాగానే మన కళాశాల ముఖద్వారం వద్ద ఒక చందా డబ్బా వెలుస్తుంది. మల్కాజ్‌గిరి బజారులోని దుకాణదారులు, మీర్జాల్‌గూడ, ఆనంద్‌బాగ్, మౌలాలి ప్రాంతాల గృహస్థులు, రైల్వే ఉద్యోగులు, మన విద్యార్థుల తల్లిదండ్రులు తమ తమ శక్తికొలది అందులో వేస్తారు. వేసేవారిలో ముస్లిములు ఉన్నారు, హిందువులు ఉన్నారు, క్రైస్తవులు ఉన్నారు. మాసాంతమున డబ్బా విప్పి, నాణెములు, నోట్లు వేరుచేసి, లెక్క వ్రాసి, ఆ మొత్తంతో పళ్ళు, రొట్టెలు, దుప్పట్లు కొని కాన్సర్ రోగులకు పంచి వచ్చుట మనకు ఆనవాయితీ అయినది. ఈ ఆనవాయితీని ప్రారంభించిన పెద్దలకు మేము కృతజ్ఞులము. అయితే అది ఇక్కడితో ఆగిపోవలెనా, మరొక అడుగు ముందుకు వేయవలెనా అన్న విచికిత్స కొంతకాలముగా మా మనస్సును కలవరపెట్టుచున్నది. ఆ కలవరమునకు ఒక కారణమున్నది.

మన ఇంటర్మీడియట్ విద్యార్థి ఒకనికి ఏడేళ్ళ చెల్లెలు ఉండేది. ఆమెకు రక్త కాన్సర్ అని తేలినది. ఇది నయమయ్యే రకమేననీ, కాని రెండు సంవత్సరములకు పైగా మందు మానకుండా వాడవలెననీ వైద్యులు చెప్పినారు. మొదటి కొన్ని నెలలలో పాప కోలుకున్నది. రాలిన జుట్టు మళ్ళీ మొలిచినది. గాలిపటం వెంట పరుగెత్తినది. తండ్రి దినకూలి. ఆసుపత్రికి పోయిన ప్రతిరోజూ కూలి పోయినట్లే. బిడ్డ ఆరోగ్యముగా కనబడుచున్నది కదా అని ఒక వారం మానినారు, తరువాత ఒక నెల మానినారు. వ్యాధి తిరుగబెట్టినది. ఈసారి మందులు పనిచేయలేదు. మరుసటి రంజాన్ మాసంలో చందా డబ్బాను ఆ విద్యార్థి చేతికి ఇచ్చినప్పుడు అతడు మమ్ములను ఒకే ప్రశ్న అడిగినాడు: "సార్, ఈసారి కూడా పళ్ళే కొందామా?"

అతని మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. అయినను మేము సమాధానం చెప్పలేకపోయినాము. ఆ సమాధానమును వెదకుచు మేము చదివినది, ఆలోచించినది ఇక్కడ విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచుచున్నాము.

ఆ పాపకు ఇచ్చిన మందులలో మెథోట్రెక్సేట్ అనునది ఒకటి. పసుపుపచ్చని చిన్న మాత్ర. దాని వెనుక ఒక తెలుగువాని పేరు ఉన్నదనీ, ఆ తెలుగువానిని సముద్రములు దాటించినది మరొక తెలుగువాని దానమనీ మనలో ఎందరికి తెలియును?

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో జన్మించినాడు. సోదరులిద్దరిని స్ప్రూ అను ఉష్ణమండల వ్యాధి పొట్టన పెట్టుకొన్నది. తానును దాని వాతబడి బయటపడినాడు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజులలో ఖద్దరు ధరించి ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహమునకు గురియైనాడు; ఫలితముగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు దానికన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికి వచ్చినది. అమెరికా వెళ్ళి పరిశోధన చేయవలెనని సంకల్పము. చేతిలో మాత్రము చిల్లిగవ్వ లేదు. అప్పుడు ఆదుకొన్నవి రెండు: మామగారు సమకూర్చిన ధనము, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సహాయపు హామీ.

ఈ సత్యలింగ నాయకర్ ఎవరు? కోరంగి ప్రాంతము నుండి బ్రతుకుతెరువు వెదకుకొనుచు రంగూన్ చేరి, కూలిపనితో ప్రారంభించి, ఓడరేవు కాంట్రాక్టులలో ధనికుడైన మనిషి. తాను ఆర్జించినదానిని ధర్మకార్యములకు వ్రాసి, 1915లో కన్నుమూసినాడు. తన సొమ్ము ఒకనాడు రక్త కాన్సర్ మందునకు దారితీయునని ఆయన కలలో కూడ అనుకొని ఉండడు. ఆయన చూడని ఊరిలో, ఆయన వినని వ్యాధికి, ఆయన పోయిన ముప్పది సంవత్సరములు దాటిన పిమ్మట మందు పుట్టినది. విద్యార్థి మిత్రులు ఈ సంగతిని కొంచెం నిదానించి ఆలోచింపవలెనని మా మనవి.

బోస్టన్‌లో సుబ్బారావు పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో సేవకుని కొలువు చేసినాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫిస్క్ అను ఆచార్యునితో కలసి శరీరంలోని భాస్వరమును కొలిచే పద్ధతిని కనిపెట్టినాడు. ఆ పద్ధతి 1925లో వెలువడినది. నేటికిని జీవరసాయన విద్యార్థులు దానిని ఆ ఇద్దరి పేర్లతోనే నేర్చుకొనుచున్నారు. 1940లో లెడర్లే అను ఔషధ సంస్థలో చేరినాడు. ఆయన నాయకత్వమున పనిచేసిన బృందము ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేసినది. ఆపైన దానికి విరోధులైన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అను పదార్థములను రూపొందించినది.

ఈ విరోధులు పనిచేసే తీరు సామాన్యులకు కూడ అర్థమయ్యేదే. కణము రెండుగా చీలుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. కాన్సర్ కణములు ఎడతెరిపి లేకుండా చీలుచుండును గనుక వాటికి దాని అవసరము మరింత ఎక్కువ. మెథోట్రెక్సేట్ చూచుటకు ఫోలిక్ ఆమ్లము వలెనే ఉండును. తాళములో దూరి, తిరగక, అసలు చెవిని దూరనీయని దొంగ తాళపుచెవి వలె అది కణములోని యంత్రాంగమును స్తంభింపజేయును. మంచి కణములకు కూడ కొంత బాధ తప్పదు. జుట్టు రాలుట, నోరు పూయుట అందువలననే.

బోస్టన్ నగరంలోని పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు ఈ అమినోప్టెరిన్‌ను తెప్పించి, 1947 డిసెంబరు మొదలుకొని రక్త కాన్సర్ పిల్లలకు ఇచ్చి చూచినాడు. అంతకు పూర్వము ఆ వ్యాధి వచ్చిన పిల్లలు వారములలోనో, నెలలలోనో పోవువారు. వైద్యులు చేయగలిగినది దాదాపు శూన్యము. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన ఫలితముల ప్రకారము 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి తగ్గుముఖము పట్టినది. అది శాశ్వతముగా తగ్గలేదు. కొద్ది నెలలకే మళ్ళీ వచ్చినది. కాని తగ్గించుట సాధ్యమని లోకమునకు మొదటిసారిగా తెలిసినది అప్పుడే.

ఆ తరువాతి పనికి ధనము కావలసివచ్చినది. 1948 మే 22వ తేదీ రాత్రి అమెరికాలో ఒక ప్రసిద్ధ రేడియో కార్యక్రమము ఫార్బర్ చికిత్స పొందుచున్న ఒక బాలుని గది నుండి ప్రసారమైనది. అతని అసలు పేరు దాచి 'జిమ్మీ' అని పిలిచినారు. బేస్‌బాల్ ఆటగాండ్రు ఆ గదిలోకి వచ్చి ఆ బాలునితో ముచ్చటించినారు. ఇరవై వేల డాలర్లు పోగుచేసినచో జిమ్మీకి టెలివిజన్ పెట్టె ఇత్తుమని శ్రోతలను అడిగినారు. రెండు లక్షల డాలర్లకు పైగా వచ్చిపడినది. ఆ సొమ్ముతో మొదలైన జిమ్మీ నిధి ఒక పరిశోధన కేంద్రమును నిలబెట్టినది. ఆ నిధి నేటికిని నడచుచున్నది. ఆ జిమ్మీ బ్రతికినాడు. యాభై సంవత్సరముల అనంతరము, 1998లో, మనుమలున్న వయస్సులో తన అసలు పేరుతో ప్రజల ముందుకు వచ్చినాడు. ఆ ప్రసారము జరిగిన మూడు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు 53 ఏళ్ళ వయస్సున కన్నుమూసినాడు. తన మందు ఎంతమందిని బ్రతికించునో చూచు భాగ్యము ఆయనకు కలుగలేదు. నేడు సంపన్న దేశములలో ఈ రకపు రక్త కాన్సర్ సోకిన పిల్లలలో పదింట తొమ్మిది మంది దాకా బ్రతుకుచున్నారు.

అటు కాకినాడలో ఒకని వీలునామా, ఇటు బోస్టన్‌లో వేలాది మంది శ్రోతల చిల్లర డబ్బు. ఈ రెండింటి నడుమ నిలిచినది ఆ పసుపుపచ్చని మాత్ర. ఈ దాతలలో ఒక్కరును తమ దానము వలన బాగుపడిన రోగి ముఖమును చూచియుండలేదు.

ఇట్టి దానమునకు మన హైదరాబాదు కొత్తది కాదు. మన ప్రాంతపు రోగులు పోయే రెడ్‌హిల్స్‌లోని కాన్సర్ ఆసుపత్రి 1955లో నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ పూనికతో వెలసినది. నిజాం కాలపు ఉన్నతోద్యోగి, ఆంధ్రప్రదేశ్ మంత్రి, 1960లో ఏర్పడిన గుజరాత్ రాష్ట్రమునకు మొదటి గవర్నరు అయిన ఆయన పేరును ఆ ఆసుపత్రి నేటికిని మోయుచున్నది. నేడది ప్రభుత్వము చేతిలో ఉన్నది. కాన్సర్‌తో మరణించిన తన భార్య బసవతారకం స్మృతికై నందమూరి తారక రామారావు సంకల్పించిన ఆసుపత్రి, అమెరికాలోని తెలుగు వైద్యుల తోడ్పాటుతో రూపుదాల్చి, 2000 జూన్‌లో ప్రారంభమైనది. అంతకు ఎంతో ముందే బొంబాయిలో దొరాబ్జీ టాటా, రక్త కాన్సర్‌తో 1931లో మరణించిన తన భార్య మెహర్‌బాయి పేరిట 1932లో ఒక ట్రస్టును నెలకొల్పినాడు. ఆ ట్రస్టు ఆదాయములో అయిదింట నాలుగు వంతులు ప్రపంచమంతటి రక్త కాన్సర్ పరిశోధనకు, ఒక వంతు భారతదేశంలోని పరిశోధనకు కేటాయించినారు. మన దేశము పరాధీనముగా ఉన్న రోజులలోనే ఒక భారతీయుని సొమ్ము ఐరోపా శాస్త్రజ్ఞులకు జీతమైనదన్నమాట.

ఇక ఆక్షేపణలకు వత్తుము. మేము ఈ మాట సహాధ్యాపకుల మధ్య ఎత్తినప్పుడు మొదట వచ్చిన ఆక్షేపణ ఇది: "మనది పేదల పేట. పక్క వీధిలో రోగి మందు లేక చచ్చుచుండగా ప్రయోగశాలకు డబ్బు పంపుట ఏమి ధర్మము?" ఈ ఆక్షేపణను మేము తేలికగా తీసివేయలేము. మన విద్యార్థి చెల్లెలు మందు కనిపెట్టబడక చనిపోలేదు. మందు కనిపెట్టబడి డెబ్బది సంవత్సరములు దాటినది. ఆమె చనిపోయినది బస్సు చార్జీ లేక, తండ్రికి కూలి పోవునని, చికిత్స మధ్యలో ఆగి. కనుక కనబడే రోగికే మొదటి హక్కు అని మేము ముందుగా ఒప్పుకొనుచున్నాము. ఆ హక్కును కూడ పళ్ళతో, దుప్పట్లతో తీర్చినామని తృప్తిపడరాదు. ఆ కుటుంబమునకు కావలసినది ప్రయాణపు ఖర్చు, ఆసుపత్రి దగ్గర తలదాచుకొనుటకు చోటు, వారము తప్పినచో ఇంటికి వచ్చి "ఎందుకు పోలేదమ్మా" అని అడిగే ఒక మనిషి. పిల్లలు చికిత్సను మధ్యలో ఎందుకు మానుచున్నారు, ఎట్లు ఆపవచ్చును అనునది కూడ పరిశోధనయే. దానికి సూక్ష్మదర్శిని అక్కరలేదు. ఇంటింటికి తిరిగే కాళ్ళు, లెక్క వ్రాసే చేతులు చాలును.

రెండవ ఆక్షేపణ: "పరిశోధన ప్రభుత్వపు పని, కంపెనీల పని." ప్రభుత్వము చేయవలసినదే, చేయుచున్నది కూడ. కాని కంపెనీ తన లాభమును చూచుకొనును. దానిని తప్పు పట్టనక్కరలేదు. ఒక ఉదాహరణ చెప్పెదము. గుట్కా, జర్దా, బీడీల పుణ్యమా అని మన దేశంలో నోటి కాన్సర్ విపరీతముగా ఉన్నది. ముదిరిపోయిన నోటి, గొంతు కాన్సర్లకు బొంబాయి టాటా మెమోరియల్ వైద్యులు పాత మెథోట్రెక్సేట్ మాత్రనే తక్కువ మోతాదులో, ఒక సామాన్యమైన నొప్పి మాత్రతో కలిపి ఇచ్చి, సూది ద్వారా ఎక్కించే మందుతో పోల్చి చూచినారు. 422 మంది రోగులపై జరిగిన ఆ పరీక్ష 2020లో వెలువడినది. మాత్రలు తిన్నవారి ఆయుఃప్రమాణము సగటున ఏడున్నర నెలలు. సూదిమందు పొందినవారిది ఆరు నెలల పైచిలుకు. ఇది గొప్ప విజయము కాదనవచ్చును. కాని ఇంటివద్దనే మ్రింగగల చౌక మాత్ర సూదిమందునకు తీసిపోలేదని తేలుట పేదవానికి చిన్న విషయము కాదు.

వారు అక్కడ ఆగలేదు. నివోలుమాబ్ అను మిక్కిలి ఖరీదైన కొత్త మందును సాధారణ మోతాదులో పదవ వంతుకన్న తక్కువగా, ఈ మాత్రలకు చేర్చి ఇచ్చినారు. 2022లో ప్రకటించిన ఫలితములలో, సంవత్సరము తరువాత జీవించియున్నవారు నూటికి 16 మంది నుండి 43 మందికి పెరిగినారు. తన మందును పదవ వంతు వాడినను పనిచేయునని ఋజువు చేయుటకు ఏ కంపెనీ ధనము వెచ్చించును? అమ్మకము తగ్గించే ప్రయోగమును అమ్మేవాడు చేయడు. దానికి లాభాపేక్ష లేని సంస్థ కావలెను. టాటా మెమోరియల్ నేడు కేంద్ర ప్రభుత్వపు అణుశక్తి శాఖ క్రింద ఉన్నది. కాని 1941లో దానిని కట్టినది ధర్మనిధియే.

మూడవ ఆక్షేపణ: "మన చిల్లర డబ్బుతో ఏమగును? పైగా పరిశోధన విఫలమైనచో దానము వృథా కదా?" చిల్లర డబ్బు మాట జిమ్మీ నిధి చెప్పినది. వైఫల్యము మాటకు వత్తుము. ఫార్బర్ మొదట రక్త కాన్సర్ పిల్లలకు ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థమునే ఇచ్చినాడు; అది వ్యాధిని తగ్గించుటకు బదులు పెంచినట్లు తోచినది. ఆ పొరపాటు నుండియే దాని విరోధిని ప్రయోగింపవలెనన్న ఆలోచన కలిగినది. బావి త్రవ్వించువాడు మొదటిచోట నీరు పడనంతమాత్రమున త్రవ్వినవానికి కూలి ఎగవేయడు. ఇక్కడ నీరు లేదని తెలియుట కూడ తరువాత త్రవ్వేవానికి ఉపకారమే.

మా పెద్దలు సదఖ-ఎ-జారియా అను మాటను చెప్పేవారు. ఇచ్చినవాడు గతించినను ఆగక ప్రవహించే దానము. బావి, చెట్టు, బడి దానికి ఉదాహరణలుగా చెప్పుట పరిపాటి. నాలుగు తరముల పిల్లలకు పనికివచ్చే ఒక మందును ఆ జాబితాలో చేర్చుటకు సందేహమేల? జకాత్ సంగతి వేరు. అది ఎవరికి చెందవలెనో నియమములు ఉన్నవి. దానిని పేదరోగులకే ఉంచి, పరిశోధనకు సదఖా నుండి, సాధారణ చందా నుండి మాత్రమే తీయవలెనని మా అభిప్రాయము. ఈ విషయమున ఉలమాలను సంప్రదించుట మంచిది.

కాబట్టి కమిటీ పెద్దల ముందు మా ప్రతిపాదనలు ఇవి. దొరాబ్జీ టాటా వేసిన పాళ్ళనే మన స్థితికి తగినట్లు వేరొక విధముగా వాడుకొందము. మన చందాలో అయిదింట నాలుగు వంతులు కనబడే రోగికి ఇత్తము. అదియును పళ్ళకు గాక, చికిత్స పూర్తి చేయించుటకు. ప్రతి సంవత్సరము ఒకరిద్దరు పిల్లలను ఎన్నుకొని, చివరి మాత్ర మ్రింగే దాకా వారి ప్రయాణపు భారమును వహించుటకు. అయిదవ వంతును కనబడని రోగి పేర, అనగా పరిశోధనకు, వేరుగా ఉంచుదము. ఆ వంతును ఆర్భాటముగా ప్రకటనలు చేసేవారికి ఇవ్వరాదు. లెక్కలు తనిఖీ చేయించే సంస్థకు, నైతిక సంఘపు అనుమతితో, దేశపు క్లినికల్ పరీక్షల రిజిస్ట్రీలో నమోదు చేసి పనిచేసే సంస్థకు మాత్రమే ఇవ్వవలెను. రసీదు తీసుకొనవలెను. సంవత్సరమునకు ఒకసారి "ఏమి కనుగొన్నారు, ఏమి కనుగొనలేకపోయినారు" అని అడుగుటకు దాతకు హక్కున్నది. మన విద్యార్థులే ఆ ఉత్తరము వ్రాయవలెను. వచ్చిన జవాబును, పైసాతో సహా లెక్కను, ఈ వార్షిక సంచికలోనే అచ్చువేయవలెను. ఉర్దూ భాగములో ఉర్దూలో, తెలుగు భాగములో తెలుగులో.

విద్యార్థి మిత్రులకు మరొక మాట. మల్కాజ్‌గిరికి కొద్ది దూరములోనే, హబ్సిగూడలో సి.సి.ఎం.బి. ఉన్నది. విద్యార్థులను లోపలికి ఆహ్వానించి ప్రయోగశాలలు చూపే రోజులు అక్కడ ఉంటవి. మీలో ఎందరు ఆ గేటు దాటి లోపలికి పోయినారు? సుబ్బారావునకు సహాయము చేసినవారు యంత్రమును కొనలేదు. ఒక మనిషిని పంపినారు. మన చందా ఏ ప్రయోగశాలకు ఎంత పోయినను, మన కళాశాల నుండి ఒక్క బాలుడో, ఒక్క బాలికయో పరిశోధకులైనచో అదియే మనము ఇవ్వగల పెద్ద చందా. అందుకు కూడ ఆ అయిదవ వంతు నుండి ఒక చిన్న విద్యార్థి వేతనము ఏర్పరచవచ్చును.

చెల్లెలిని పోగొట్టుకొన్న ఆ విద్యార్థి ఈ సంవత్సరము డిగ్రీలో జీవశాస్త్రము తీసుకొన్నాడు. చందా డబ్బా ఈసారి కూడ అతని చేతనే ఉండవలెనని మేము కోరుచున్నాము. "పళ్ళే కొందామా" అని అతడు మళ్ళీ అడిగినప్పుడు చెప్పుటకు మా వద్ద ఒక సమాధానము ఉండునట్లు కమిటీ పెద్దలు ఆలోచింతురుగాక.